కారు అద్దెకు, పిట్ మనుషులు తోడు: ఆరు గంటల రిలే రేసు నడిపించిన టీమ్‌పై నా రివ్యూ

సొంత రేసు కారు లేకపోయినా గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసు నడపాలని ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది. కారు, మెకానిక్‌లు, టైర్లు, పెట్రోలు అన్నీ ఒక టీమ్ చూసుకుంటుంది. మనం లైసెన్సు తీసుకుని, హెల్మెట్ పట్టుకుని వెళ్లి నడపడమే. దీన్ని ‘అరైవ్ అండ్ డ్రైవ్’ అంటారు. మా తమ్ముడు, మా బావగారు, తమ్ముడి ఆఫీసు స్నేహితుడు, నేను కలిసి ఆరు గంటల రేసుకు అలాంటి ఒక టీమ్ దగ్గర కారు తీసుకున్నాం. మా నలుగురిలో ఎవరికీ రేసింగ్ వృత్తి కాదు. ట్రాక్ డేలకు (పోటీ లేకుండా రేసు ట్రాక్ మీద కారు నడిపే రోజులకు) వెళ్లిన అలవాటు, లైసెన్సు కోసం చేసిన కోర్సు, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిట్‌లో (రేసు మధ్యలో కారు ఆపి పెట్రోలు పోసి, డ్రైవర్లు మారే చోట) ఈ టీమ్ చేసిన పనికి నూటికి నూరు మార్కులు వేస్తాను. సీటు, రేడియోల విషయంలో మాత్రం నాకు కోపం ఇంకా తగ్గలేదు. ఈ రెండూ కలిపి చూసుకున్నాకే మీరు నిర్ణయం తీసుకోవాలి.

రిలే అనే పేరుతో రెండు రకాల రేసులు జరుగుతాయి. ఒక రకంలో టీమ్‌లో ప్రతి డ్రైవరూ తన సొంత కారుతో వస్తాడు. ఒక సమయంలో ఒక్క కారే ట్రాక్ మీద ఉంటుంది, అది లోపలికి వచ్చాకే రెండోది బయటికి వెళ్లాలి. బ్రిటన్‌లో 750 మోటర్ క్లబ్ నడిపే బర్కెట్ ఆరు గంటల రిలే ఆ తరహాది. రెండో రకంలో కారు ఒక్కటే, డ్రైవర్లే మారుతుంటారు. మేం నడిపింది ఈ రెండో రకం. కారు చేతులు మారుతుంది కాబట్టి ఒకరు క్లచ్ కాల్చినా, గేరు తప్పుగా వేసినా మిగతా ముగ్గురి రేసూ పోతుంది. ఆ భారం మొదటి నుంచి చివరి దాకా మనసులో ఉంటుంది. నాకు ఈ రకమే ఇష్టం కావడానికి కారణం కూడా అదే.

మాకిచ్చిన కారు మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5. 1989లో వచ్చిన మోడల్, 1.6 లీటర్ ఇంజిన్, వెనక చక్రాలకు పవర్, బరువు టన్నుకు లోపే. ఇంజిన్ బలం 115 హార్స్‌పవర్ చుట్టుపక్కల. ఇప్పటి మామూలు ఫ్యామిలీ కార్లు కొన్ని ఇంతకంటే ఎక్కువ పవర్‌తో వస్తున్నాయి. కానీ అమెచ్యూర్ ఎండ్యూరెన్స్ రేసుల్లో ఈ కారు ఇన్నేళ్లయినా కనిపిస్తూనే ఉండడానికి కారణం ఉంది. బరువు తక్కువ కాబట్టి బ్రేకులు, టైర్లు, పెట్రోలు అన్నీ ఎక్కువసేపు వస్తాయి. విడిభాగాలు దొరుకుతాయి. తప్పు చేస్తే కారు ముందుగా చెబుతుంది; వెనక భాగం జారడం మొదలైనప్పుడు సరిదిద్దుకోవడానికి టైమిస్తుంది. కొత్తవాళ్లకు ఇంతకు మించి ఏం కావాలి?

టీమ్ ఎంచుకునేటప్పుడు మావాళ్లంతా కారు ఎంత ఫాస్టు అని అడుగుతూ వచ్చారు. నేను మాత్రం డ్రైవర్ ఛేంజ్ ప్రాక్టీస్ ఎంతసేపు చేయిస్తారని అడిగాను. లెక్క చూడండి. మా ట్రాక్ సుమారు 4 కిలోమీటర్లు, ల్యాప్ (ఒక చుట్టు) రెండు నిమిషాలు. గంటన్నర స్టింట్‌లో, అంటే ఒక డ్రైవర్ నడిపే వంతులో, 45 ల్యాపులు. ప్రతి ల్యాప్‌లోనూ ఒక్క సెకను తగ్గించగలిగితే (మాలాంటి వాళ్లకు అది చాలా పెద్ద మాట) మొత్తం మీద మిగిలేది 45 సెకన్లు. బెల్టు మెలిక పడి, రేడియో పిన్ను దొరక్క, తలుపు దగ్గర ఇద్దరూ అడ్డుపడితే అదే 45 సెకన్లు ఒక్క పిట్‌స్టాప్‌లో పోతాయి. పైగా వేగం కోసం తెగించినవాడు గోడకు కొట్టే ప్రమాదం ఉంది. డ్రైవర్ ఛేంజ్ సరిగ్గా చేస్తే ఆ ప్రమాదం లేదు.

ఈ టీమ్ ఆ మాట అడగగానే సంతోషపడింది. ప్రాక్టీస్ రోజు మధ్యాహ్నం ట్రాక్ సెషన్ అయిపోయాక, కారును గ్యారేజ్ ముందు నిలబెట్టి సాయంత్రం వరకూ మాచేత అదే చేయించారు. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే టీవీలో చూసేవాళ్లకు ఇది కనిపించదు.

కారు ఆగుతుంది. ఇంజిన్ ఆఫ్. పూర్తిగా ఆగేదాకా బెల్టు ముట్టుకోకూడదు. కిటికీ నెట్ కిందికి పడుతుంది. లోపలి డ్రైవర్ స్టీరింగ్ ఊడదీసి డ్యాష్‌బోర్డు మీద పెడతాడు, రేడియో వైరు పీకుతాడు, నీళ్ల గొట్టం పక్కకు తోస్తాడు, బెల్టు మధ్యలోని గుండ్రటి లాక్ తిప్పుతాడు. ఆరు పట్టీలూ ఒకేసారి విడిపోతాయి. అక్కడే అసలు చిక్కు. విడిపోయిన పట్టీలు సీట్లో పడి ఉంటే తర్వాత వచ్చేవాడు వాటి మీదే కూర్చుంటాడు. మళ్లీ లేచి వెతుక్కోవాలి. మా మెకానిక్ దీనికి ఒక చిన్న ఏర్పాటు చేశాడు. తలుపు చట్రానికి, సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్‌కు అయస్కాంతాలు అతికించాడు. బెల్టు కొసల లోహం టక్కున వాటికి అంటుకుంటుంది. సీటు ఖాళీగా, శుభ్రంగా ఉంటుంది. దిగినవాడు వెంటనే వెళ్లిపోకూడదు. ఎక్కినవాడికి బెల్టులు పెట్టాల్సింది అతనే. భుజం పట్టీలు మెడ చుట్టూ ఉండే హాన్స్ పరికరం మీదుగా సరిగ్గా వెళ్లాయా, నడుం పట్టీ కడుపు మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చుందా అని అతనే చూడాలి. ఆఖర్న భుజం పట్టీలు ఊపిరి బిగబట్టేంత లాగి, హెల్మెట్ మీద రెండుసార్లు తట్టాలి. ఆ తట్టు వినిపిస్తేనే ఎక్కినవాడు బొటనవేలు చూపిస్తాడు.

హాన్స్ గురించి ఒక మాట. అమెరికాలో రాబర్ట్ హబ్బర్డ్ అనే బయోమెకానిక్స్ ప్రొఫెసర్ 1980లలో దీన్ని తయారుచేశాడు. ఫార్ములా వన్‌లో 2003 నుంచి తప్పనిసరి అయింది. కారు ఢీకొన్నప్పుడు ఒళ్లు బెల్టులకు ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు దూసుకుపోతుంది. ఆ లాగుడు మెడ మీద పడకుండా ఇది అడ్డుకుంటుంది. భుజం పట్టీ దాని మీద నుంచి జారిపోతే అది ఉన్నా లేనట్టే. అందుకే తొందరలో కూడా ఈ ఒక్క పనిలో ఆ మెకానిక్ ఎవర్నీ తొందరపెట్టలేదు. “మేడమ్, మిగతావన్నీ త్వరగా చేయండి, ఇది మాత్రం సరిగ్గా చేయండి” అన్నాడు. పిట్ గోడ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకున్న ఇంజినీర్ కూడా కిక్కురుమనలేదు.

మా రేసులో పిట్‌లోకి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా కనీసం మూడు నిమిషాలు ఉండాలని నిబంధన. తక్కువైతే పెనాల్టీ, ఎక్కువైతే మనకే నష్టం. పెట్రోలు పోసేటప్పుడు కారులో ఎవరూ ఉండకూడదు, ఒకరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నిలబడాలి, వేరే పనేదీ జరగకూడదు. కాబట్టి డ్రైవర్ ఛేంజ్‌కు మిగిలేది తక్కువే. మేం మొదట చేసినప్పుడు మొత్తం నాలుగు నిమిషాలు దాటింది. సాయంత్రానికి మూడు నిమిషాలకు కొన్ని సెకన్లు అటూ ఇటూగా రావడం మొదలైంది. మా బావగారికి ఇలాంటి ప్రాక్టీస్ అంటే విసుగు. ఆయన కూడా చివరికి “ఇంకోసారి చేద్దాం” అన్నారు. నాకు టీమ్ మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

ఇక సీటు సంగతి. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. తమ్ముడి స్నేహితుడు ఆరడుగులు. బుక్ చేసేటప్పుడు మా నలుగురి ఎత్తులూ బరువులూ తీసుకున్నారు, “అందరికీ సర్దుతాం” అన్నారు. తీరా వెళ్తే సీటు కింది రైలు పట్టేసి ఉంది, ముందుకు కదలదు. నాకోసం వీపు వెనక పెట్టుకోమని ఒక పాత దిండు ఇచ్చారు. క్లచ్ పూర్తిగా నొక్కాలంటే కాలివేళ్లు సాగదీయాల్సి వచ్చింది. అది అసౌకర్యం మాత్రమే అయితే ఓర్చుకునేదాన్ని. మెత్తటి దిండు దెబ్బ తగిలినప్పుడు నలిగిపోతుంది. అది నలిగిన మేర బెల్టులు వదులవుతాయి. బెల్టు బిగింపు గురించి అంత శ్రద్ధ చూపించిన టీమ్ ఈ విషయం ఎలా వదిలేసిందో నాకు అర్థం కాలేదు.

దీనికి సరైన పద్ధతి ఉంది, రేసింగ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. రెండు ద్రవాలు కలిపితే ఉబ్బే ఫోమ్‌ను ప్లాస్టిక్ సంచిలో పోసి సీటులో పెడతారు. డ్రైవర్ సూటు వేసుకుని, పెడళ్ల మీద కాళ్లు పెట్టి, స్టీరింగ్ పట్టుకుని దాని మీద కదలకుండా కూర్చుంటాడు. ఫోమ్ ఆ ఒంటి ఆకారానికి గట్టిపడుతుంది. అంచులు కోసి, నిప్పంటుకోని బట్ట చుడితే ఆ డ్రైవర్ సొంత ఇన్సర్ట్ తయారు. డ్రైవర్ మారేటప్పుడు దాన్ని సీట్లోకి వదిలి కూర్చోవడమే. ఎత్తులు ముందే తీసుకున్న టీమ్ ప్రాక్టీస్ రోజునే ఈ పని చేసి ఉండాల్సింది. నేను గట్టిగా అడిగాక రాత్రి మెకానిక్ కూర్చుని, గట్టి ఫోమ్ షీట్లు ఒకదాని మీద ఒకటి అతికించి, టేపు చుట్టి ఒకటి తయారుచేశాడు. దిండు కంటే చాలా నయం. ఆ మనిషి కష్టానికి దండం పెడతాను. టీమ్ యాజమాన్యానికి మాత్రం ఈ విషయంలో మార్కుల్లేవు. మీ టీమ్‌లో పొట్టివాళ్లు, మరీ ముఖ్యంగా ఆడవాళ్లు ఉంటే, అడ్వాన్స్ కట్టే ముందే సీటు సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి.

రేసు మొదలైంది. మొదటి స్టింట్ తమ్ముడి స్నేహితుడిది, ఏ గొడవా లేకుండా గడిచింది. రెండోది నాది. ట్రాక్ మీదికి వెళ్లిన కాసేపటికే రేడియోలో నా మాట వాళ్లకు వినిపించడం మానేసింది. వాళ్ల మాట నాకు వినబడుతోంది. స్టీరింగ్ మీద ఉన్న బటన్ వైరు ఎక్కడో తెగింది; తిప్పినప్పుడల్లా తెగిపోతూ అతుక్కుంటూ ఉందట. ప్రాక్టీస్‌లోనే ఒకటి రెండుసార్లు గరగర వినిపించిందని మేం చెప్పాం, “చూస్తాం” అన్నారు, చూడలేదు. నలుగురు డ్రైవర్లు మారే రేసులో వైరు పీకడం, పెట్టడం ఎన్నిసార్లు జరుగుతుంది! ఆ వైరుకు స్పేర్ ఉండాలి కదా. లేదు.

అయితే అప్పుడు ఇంజినీర్ చూపించిన సమయస్ఫూర్తి చెప్పకపోతే అన్యాయం. ఈ తరం ఎంఎక్స్-5కు హెడ్‌లైట్లు బానెట్‌లోంచి పైకి లేస్తాయి. “మేడమ్, నా మాట వినిపిస్తుంటే పిట్ గోడ దాటేటప్పుడు లైట్లు ఒకసారి లేపండి” అన్నాడు. లేపాను. “సరే. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. టెంపరేచర్ బాగుందా?” ఒకసారి. “బ్రేక్ పెడల్ లోపలికి పోతోందా?” రెండుసార్లు. అలా గంటకు పైగా మాట్లాడుకున్నాం. అతను గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. ల్యాప్ టైమ్ చెప్పి ఊరుకోకుండా, వెనక వేగంగా వచ్చే కారు ఎంత దూరంలో ఉంది, ఏ వైపు నుంచి దాటొచ్చు అని ముందుగా చెప్పేవాడు. అన్ని రకాల కార్లూ కలిసి నడిచే రేసులో మనకంటే చాలా వేగంగా వెళ్లేవాళ్లు అద్దంలో చుక్కలా కనిపించి, రెండు మలుపుల్లో పక్కకు వచ్చేస్తారు. మన దారి మనం మార్చకుండా నడపడమే భద్రం. ఎటు నుంచి దాటాలో వాళ్లే చూసుకుంటారు. ఆ సంగతి తెలిసి ఉండటం వేరు, చెవిలో ఒకరు నిదానంగా చెబుతుండటం వేరు.

రేసును నిలబెట్టిన నిర్ణయం కూడా అతనిదే. నా స్టింట్ ఇంకా ఇరవై నిమిషాలు ఉందనగా ఎవరిదో కారు ప్రమాదకరమైన చోట ఆగిపోయింది, కోడ్ 60 పెట్టారు. అంటే కారు తొలగించేదాకా ట్రాక్ మీద అందరూ గంటకు 60 కిలోమీటర్లు మించకూడదు. దుబాయ్ 24 గంటల రేసు నిర్వహించే క్రెవెంటిక్ వాళ్ల రేసుల ద్వారా బాగా తెలిసిన పద్ధతి ఇది. 60 వేగంలో 4 కిలోమీటర్ల ల్యాప్‌కు నాలుగు నిమిషాలు పడుతుంది. మామూలుగా మనం పిట్‌లో ఆగే మూడు నిమిషాల్లో మిగతావాళ్లు ల్యాపున్నర తిరిగేస్తారు. కోడ్ 60లో అదే మూడు నిమిషాల్లో ముప్పావు ల్యాపే తిరుగుతారు. సగం నష్టం తగ్గినట్టే. ఇంజినీర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా “ఈ ల్యాపులోనే లోపలికి రండి” అన్నాడు. నేను వెళ్లేసరికి మా బావగారు హెల్మెట్ పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పక్క గ్యారేజ్‌లో డ్రైవర్‌ను ఇంకా పిలుస్తూనే ఉన్నారు. కోడ్ 60లో పిట్‌లోకి రావడానికి, పెట్రోలు పోయడానికి అన్ని రేసుల్లోనూ అనుమతి ఉండదు. మా నిబంధనలు ఒప్పుకుంటాయని అతను ముందురోజే చదివి గుర్తు పెట్టుకున్నాడు.

దాని వల్ల లెక్క మారింది. మిగిలిన సమయాన్ని ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి గంటా నలభై నిమిషాలు. ట్యాంకు 45 లీటర్లు. రేసు వేగంలో మా కారు గంటకు 22 లీటర్ల దాకా తాగుతోంది. అంటే స్టింట్‌కు 37 లీటర్ల వరకూ కావాలి. కాగితం మీద సరిపోతుంది. కానీ ట్యాంకులో పెట్రోలు అడుక్కు వచ్చాక, పెద్ద మలుపుల్లో అది ఒక పక్కకు ఒరిగిపోతుంది, పంపుకు అందదు, ఇంజిన్ దగ్గుతుంది. అందుకని బావగారికి రేడియోలో (వైరుకు అప్పటికి టేపు చుట్టారు) ఒక పని చెప్పారు: పెద్ద బ్రేకింగ్ వచ్చే చోట్ల కొంచెం ముందుగానే యాక్సిలరేటర్ వదిలేయమని, గేరు కూడా ముందుగా మార్చమని. ల్యాప్‌కు పెద్దగా టైమ్ పోదు, పెట్రోలు మాత్రం మిగులుతుంది. వేగంగా నడిపే అలవాటున్న మనిషికి ఇది కష్టమైన సంగతి. ఆయన చక్కగా పాటించారు.

ఆయన స్టింట్ చివర్లో మాత్రం చిన్న పేచీ వచ్చింది. ముందున్న ఒక కారును దాదాపు అందుకున్నారు. లోపలికి రమ్మంటే “ఇంకో రెండు ల్యాపులు” అన్నారు. ఇంజినీర్ “సార్, పెట్రోలు లేదు, ఇప్పుడే రండి” అన్నాడు. రెండోసారి కూడా అదే మాట, అదే గొంతు. బావగారు వచ్చేశారు. మనకు కావాల్సిన టీమ్ అంటే అదే. డబ్బు కట్టిన కస్టమర్ కదా అని డ్రైవర్ ఏమంటే దానికి తలూపే టీమ్‌ను నమ్ముకుంటే, కారు ట్రాక్ పక్కన ఆగిపోయాక తెలుస్తుంది. 1952లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో పియెర్ లెవె అనే ఫ్రెంచ్ డ్రైవర్ తన టాల్బో కారును ఇంకొకరి చేతికి ఇవ్వకుండా దాదాపు 23 గంటలు ఒక్కడే నడిపాడు. భారీ ఆధిక్యంలో ఉండగా చివర్లో ఇంజిన్ దెబ్బతిని ఆగిపోయాడు, గెలుపు మెర్సిడెస్‌కు పోయింది. ఇప్పుడు లె మాన్స్‌లో ఏ ఆరు గంటల్లోనైనా ఒక డ్రైవర్ నాలుగు గంటలకు మించి నడపకూడదనే నిబంధన ఉంది. దిగి ఇంకొకరికి ఇవ్వడం రేసులో భాగమే, అది డ్రైవర్ ఓడిపోవడం కాదు.

ఆ చివరి పిట్‌స్టాప్‌లో ఒక చిన్న దృశ్యం నాకు బాగా నచ్చింది. పెట్రోలు పోయడం అయ్యాక, తమ్ముడికి బావగారు బెల్టులు బిగిస్తుండగా, మెకానిక్ ముందు చక్రం దగ్గర కూర్చుని టార్చ్ వేసి చక్రం ఊచల మధ్య నుంచి బ్రేక్ ప్యాడ్ మందం చూశాడు. చక్రం విప్పలేదు. లేచి ఇంజినీర్‌కు రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించాడు: మిగిలింది ఇంతే. మారిస్తే నిమిషాలు పోతాయి. మార్చలేదు. తమ్ముడికి చెప్పిందల్లా ఒకటే: మెయిన్ స్ట్రెయిట్ (పొడవాటి తిన్నని దారి) చివర బ్రేక్ పది మీటర్లు ముందు వేయి, అంతకంటే గట్టిగా నొక్కొద్దు. వాడు ఆ పది మీటర్లు చివరిదాకా పాటించాడు. ప్యాడ్లు లోహం తేలకుండా ఒడ్డెక్కాయి.

బ్రేకుల విషయంలో ఈ టీమ్ జాగ్రత్త అంతా ఇంతా కాదు. ప్రాక్టీస్‌కూ రేసుకూ మధ్య బ్రేక్ ఫ్లూయిడ్ మార్చారు. మామూలు డాట్ 4 ప్రమాణం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. వీళ్లు 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఫ్లూయిడ్ వాడారు, డబ్బా సీలు మా ముందే తీశారు. సెషన్ అయ్యాక గ్యారేజ్‌లోకి వచ్చి హ్యాండ్‌బ్రేక్ వేయబోయిన తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆపారు కూడా. కాలిపోతున్న ప్యాడ్‌ను డిస్కుకు అదిమి ఉంచితే అక్కడే అంటుకుని మరక పడుతుంది, తర్వాత బ్రేక్ వేస్తే వణుకు వస్తుంది. చక్రాల కింద చెక్క దిమ్మలు పెడితే చాలు.

కాంట్రాక్టు గురించి చెప్పాలి. నా ఉద్యోగం ఆడిటింగ్, కాబట్టి ప్రతి పేజీ చదివాను. మిగతా ముగ్గురూ సంతకం పెట్టేద్దామన్నారు. “అక్కా, రేసు అయ్యాక చదువుకో” అన్నాడు తమ్ముడు. ముందే చదివాను, మంచిదైంది. ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదైనా ఖర్చు అద్దెకు తీసుకున్నవాళ్లదే అని ఉంది. ఇది చాలా చోట్ల ఉండేదే, రేసులో ఎదుటివాడి ఇన్సూరెన్స్ అంటూ ఏమీ రాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ గరిష్ఠంగా ఎంతవరకు అన్నది రాయలేదు. అడిగి రాయించాం. కారు దానంతట అదే చెడిపోతే డబ్బు సంగతేమిటన్నది కూడా లేదు. నడవని గంటల లెక్కన వెనక్కి ఇస్తామని రాశారు, పేచీ పెట్టకుండా రాశారు. ఇంజిన్ ఓవర్‌రెవ్ అయితే (హద్దు దాటి తిరిగితే) ఖర్చు డ్రైవర్‌ది అన్న షరతు సబబే. ఐదో గేరు నుంచి నాలుగుకు దించబోయి పొరపాటున రెండులో వేస్తే చక్రాలే ఇంజిన్‌ను హద్దు దాటి తిప్పేస్తాయి. ఇంజిన్ వేగాన్ని హద్దులో ఉంచే రెవ్ లిమిటర్ పెట్రోలునో స్పార్క్‌నో ఆపగలదు గానీ దీన్ని ఆపలేదు. డేటా లాగర్‌లో అంతా రికార్డవుతుంది, ఎవరి స్టింట్‌లో జరిగిందో స్పష్టంగా తెలుస్తుంది. రేసు అయ్యాక ఆ గ్రాఫ్ మాకు అడక్కుండానే చూపించారు. నలుగురం కలిసి డబ్బు వేసుకున్నప్పుడు ఇలాంటి నిక్కచ్చితనం వల్ల స్నేహాలు నిలుస్తాయి.

సామగ్రి విషయం త్వరగా చెప్పేస్తాను. సూట్లు ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటర్ రేసింగ్ సమాఖ్య) 8856 గుర్తు ఉన్నవే, గడువు తేదీలు చూసుకున్నాం. అద్దె హెల్మెట్లు సైజుల్లో తక్కువ, వాసన ఎక్కువ. మీది మీరు కొనుక్కోవడం మేలు. బైకు హెల్మెట్ పనికిరాదు, స్నెల్ ఎస్ఏ లాంటి కారు రేసింగ్ గుర్తు ఉండాలి, ఆ పరీక్షలో నిప్పు తట్టుకోవడం కూడా చూస్తారు. నీళ్ల సంచి ఇచ్చారు గానీ అది ఎగ్జాస్ట్ వేడి తగిలే వైపు కట్టారు. అరగంటకే నీళ్లు టీ అంత వేడెక్కాయి. రెండు పొరల సూటులో, కిటికీ నెట్ వెనక, గంటన్నర చెమటోడ్చేవాళ్లకు నీళ్లు చిన్న విషయం కాదు. చెబితే తర్వాతి స్టింట్‌కు సంచి ఇంకో పక్కకు మార్చారు.

మా తరగతిలో (మాలాంటి కార్ల విభాగంలో) నాలుగో స్థానంలో ముగించాం. పోడియం ఒక్క మెట్టులో తప్పింది. ఎవరికీ బాధ లేదు. ఆరు గంటల తర్వాత కారుకు ఒక్క గీత లేకుండా నలుగురం నడిపి తెచ్చామంటే నాకు గర్వంగా ఉంది. మా కంటే వేగంగా ల్యాపులు వేసిన కార్లు కొన్ని మా వెనక ముగించాయి. వాళ్ల పిట్‌స్టాప్‌లు చూసినవాళ్లకు కారణం వెతకనక్కర్లేదు.

ఎవరికి ఈ సర్వీస్ సరిపోతుందంటే, ట్రాక్ మీద కొంత అనుభవం ఉండి, రేసు ఎలా నడపాలో నేర్చుకోవాలని ఉన్న బృందానికి. పోల్ పొజిషన్ (రేసు మొదలయ్యేటప్పుడు అందరికంటే ముందు స్థానం) ఆశించేవాళ్లకు ఈ కారు సరిపోదు. ఒక్కరే ఎక్కువసేపు నడుపుదామనుకునేవాళ్లు కూడా వెళ్లకండి, ఆ ఇంజినీర్ ఊరుకోడు. పిట్ పనికి ఐదుకు ఐదు, కారుకు నాలుగు, సీటుకూ రేడియోకూ కలిపి ఒకటి.

వచ్చే సీజన్‌లో ఇంకో రేసుకు మళ్లీ వీళ్లనే అడిగాం. అదే మెకానిక్, అదే ఇంజినీర్ కావాలన్నాం. స్టీరింగ్ వైరు మార్చి, స్పేర్ పెట్టి, నా కొలతకు ఫోమ్ సీటు పోసి చూపించాకే అడ్వాన్స్ కడతామని కూడా చెప్పాం. సరేనన్నారు, సీటు పోయడానికి తేదీ ఇచ్చారు.